ముగియని యుద్ధం, అరగంట ఆట

కథలో యుద్ధం ఎప్పటికీ ముగియకూడదు. బల్ల మీద ఆట మాత్రం అరగంటలో తేలిపోవాలి. సొంతంగా ఒక ఫాంటసీ కార్డుల సెట్ చేద్దామని కూర్చున్నప్పటి నుంచి ప్రింటు చేతికొచ్చేదాకా నన్ను తిప్పలు పెట్టింది ఈ పేచీయే.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కార్డుల ఆట 1993లో అమెరికాలో వచ్చింది. దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల్లో డాక్టరేట్ చేసినాయన. మామూలుగా ఇద్దరు ఆడతారు, ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. నేల కార్డులు 'మానా' అనే శక్తినిస్తాయి. ఆ మానా ఖర్చుపెట్టి జీవుల్ని దించుతాం, మంత్రాలు వేస్తాం. జీవి కార్డుకు కింద కుడి మూల రెండు అంకెలుంటాయి. 2/1 అంటే రెండు దెబ్బ కొడుతుంది, ఒక్క దెబ్బకే చస్తుంది. దాడికి వెళ్లే జీవిని అడ్డంగా తిప్పుతాం, దాన్నే ట్యాప్ చేయడం అంటాం. ట్యాప్ అయినవాడు మళ్లీ మన టర్ను వచ్చేదాకా ఎవరినీ అడ్డుకోలేడు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఐదు రంగులు, ఒక్కో రంగుకు ఒక్కో స్వభావం.

టెక్సస్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు రూమ్మేట్ అంటించాడు ఈ పిచ్చి. శుక్రవారం సాయంత్రాలు కార్డుల షాపుకెళ్లి డ్రాఫ్టు ఆడేవాళ్లం. డ్రాఫ్టులో ఇంటి నుంచి కట్ట పట్టుకెళ్లే పని లేదు. అందరూ ప్యాకెట్ చింపి, ఒక కార్డు ఉంచుకుని మిగతావి పక్కవాళ్లకిస్తారు. అలా మనిషికి మూడు ప్యాకెట్లు తిరిగాక, దొరికినవాటికి విడిగా ఇచ్చే నేల కార్డులు కలిపి 40 కార్డుల కట్ట కట్టుకోవాలి. అందులో 17 నేలలు పెట్టుకోవడం వాడుక. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆఫీసులో ఇద్దరు, మా మేనత్త కొడుకు ఒకడు, నాతో కలిపి నలుగురం పోగయ్యాం. ఉన్న కార్డులతోనే ఆడీ ఆడీ విసుగొచ్చి, మనమే ఒక సెట్ చేసుకుంటే పోలా అన్నది మా బావే. అని ఊరుకున్నాడు, పని నా నెత్తిన పడింది.

ఏ లోకం, ఏ కథ అని నేను పెద్దగా వెతుక్కోలేదు. మాది కారంపూడి పక్క పల్లె. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధాన్ని అక్కడ ఏటా మళ్లీ జరుపుతారు. కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. ఆ వీరుల్ని కొలిచే వీరాచారవంతులు, వాళ్ల ఆయుధాలుగా పూజించే కొణతాలు పట్టుకుని వస్తారు, వీర విద్యావంతులు కథ పాడతారు, ఆఖరి రోజు వీరులు నేలకొరుగుతారు. మళ్లీ ఏడాది అదే రాయబారం, అదే కోడిపందెం, అదే చావు. ముగియని యుద్ధం అనగానే సినిమాల్లో బూడిదరంగు ఆకాశాలు గుర్తొస్తాయేమో మిగతావాళ్లకు. నాకు గుర్తొచ్చేది తిరునాళ్లే.

అలాగని పల్నాటి కథనే కార్డుల మీదికి ఎక్కించలేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఎవ్వరూ నా సెట్లో లేరు. జనం గుడి కట్టి మొక్కే వీరుడి బొమ్మ కింద 4/4 అని అంకె వేసి, ఎవడో రెండు మానా మంత్రంతో అతన్ని చెత్తకుప్పలోకి తోస్తుంటే చూడటం నా వల్ల కాదు. అమ్మమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు కూడా. ఏటేటా అదే యుద్ధం మళ్లీ చేసుకునే జనం అన్న ఊహ ఒక్కటే తీసుకుని, దాని చుట్టూ 'రణసీమ' అనే కల్పిత లోకం అల్లాను.

అల్లడం మొదలుపెట్టగానే ఒక చిక్కు. యుద్ధానికి రెండు పక్షాలు, ఆటకు ఐదు రంగులు. తెలుపూ నీలం ఒక సైన్యం, నలుపూ ఎరుపూ ఇంకో సైన్యం అని పంచితే ఆకుపచ్చ దిక్కులేనిదవుతుంది. పైగా డ్రాఫ్టులో ఎవరైనా ఏ రెండు రంగులైనా కలుపుకుంటారు, శత్రువులు ఒకే కట్టలో దూరితే కథకు అర్థం ఉండదు. అందుకని పక్షాలు పక్కన పెట్టేసి, యుద్ధం ఎందుకు ఆగట్లేదు అని ఒక్కో రంగునూ అడిగాను. తెలుపుది తాతలు చేసిన బాస: మాటిచ్చాం కాబట్టి తప్పదు. నీలం రాయబారులది, వాళ్ల కొలువు నిలవాలంటే సంధి ఎప్పుడూ 'రేపు' కుదరాలి. నలుపు అప్పులిచ్చేవాళ్లది. కత్తులకీ గుర్రాలకీ రెండు వైపులా వాళ్లే మదుపు పెడతారు. ఎరుపుకు కారణమే అక్కర్లేదు, అన్నను చంపారు, అంతే. ఆకుపచ్చకు మందపోరు పనికొచ్చింది, మేతబీళ్ల కోసం పశువుల కాపరుల మధ్య తెగని తగాదా. ఇలా పంచాక ఏ రెండు రంగులు కలిపినా ఒక కథ పుట్టింది. నలుపూ తెలుపూ కలిస్తే, మాట నిలుపుకోవడానికి అప్పులపాలైన దొరలు. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే, దూడను తోలుకెళ్లారని ఊళ్లు తగలబెట్టే కుర్రాళ్లు. ఈ ఒక్క నిర్ణయం తర్వాత కార్డుల పేర్లు వెతుక్కోవాల్సిన పని తప్పింది.

తర్వాతది లెక్కల పని. ఆ ఆటకు ఏళ్లుగా ప్రధాన డిజైనరుగా ఉన్న మార్క్ రోజ్‌వాటర్ తన వ్యాసాల్లో ఒకటే పోరుతుంటాడు, కార్డులు రాయకముందు అస్థిపంజరం వేసుకోండి అని. అంటే ఖాళీ గళ్ల పట్టిక: తెలుపులో మామూలు కార్డులు ఎన్ని, వాటిలో చిన్న జీవులు ఎన్ని, పెద్దవెన్ని, చంపే మంత్రాలెన్ని. ఆ గళ్లు నిండాలి తప్ప, మనకు ముచ్చటేసిన కార్డులన్నీ పట్టవు. కార్డులు ఎంత అరుదుగా దొరుకుతాయో దాన్నిబట్టి కామన్ (మామూలువి), అన్‌కామన్, రేర్, మిథిక్ (అన్నిటికంటే అరుదు) అని అంటారు. కంపెనీ వాళ్ల పెద్ద సెట్లలో ఒకప్పుడు 101 కామన్లు, 80 అన్‌కామన్లు, 53 రేర్లు, 15 మిథిక్‌లు ఉండేవి. నలుగురి ఆటకు అంత బండి అక్కర్లేదు. ప్యాకెట్లో 10 కామన్లు, 3 అన్‌కామన్లు, 1 రేరు అనుకున్నాను. నలుగురికి మూడేసి చొప్పున 12 ప్యాకెట్లు. అంటే 120 కామన్లు, 36 అన్‌కామన్లు, 12 రేర్లు కావాలి. 60 రకాల కామన్లు రెండేసి, 40 అన్‌కామన్లు, 20 రేర్లు ఒక్కోటి వేస్తే మొత్తం 180 కార్డులతో సరిపోయింది. మిగిలిపోయే అన్‌కామన్లు, రేర్ల వల్ల ఏ ఆటలో ఏది వస్తుందో ముందే తెలియదు, అదీ మంచిదే.

అసలు కథ ఇప్పుడు మొదలు. యుద్ధం ముగియదంటే వీరులు మళ్లీ లేవాలి కదా అని మొదటి నియమం అలాగే రాశాను. చచ్చిన జీవి మూడు గుర్తులతో పక్కన ఉంటుంది, టర్నుకో గుర్తు తీసేస్తాం, మూడూ అయిపోగానే లేచొస్తుంది. కాగితం మీద అద్భుతంగా ఉంది. పాత కార్డుల మీద చీటీలు పెట్టి, ప్లాస్టిక్ తొడుగుల్లో దూర్చి ఆడటానికి కూర్చున్నాం. గంట దాటినా ఇద్దరికీ పద్నాలుగు పదిహేను ప్రాణాలున్నాయి. బల్లంతా జీవులు, గుర్తులకు తెచ్చిన శనగగింజలు సగం తినేశారు.

"రేయ్, నేనెందుకు దాడి చేయాలో చెప్పు" అన్నాడు బావ. "నీవాణ్ని చంపినా మూడు టర్నుల్లో లేచొస్తాడు. ఈలోపు నావాడు ట్యాప్ అయి పడుకుంటే నువ్వొచ్చి నా కొంప ముంచుతావు. కదలకుండా కూర్చుంటే నాకేం నష్టం?"

"కథ అది బావా, యుద్ధం ముగియదు."

"ముగియదు సరే, మొదలెప్పుడవుతుంది?"

ఆ ప్రశ్నలోనే జబ్బు మొత్తం ఉంది. ఈ ఆటలో మొగ్గు ఎప్పుడూ కాచుకున్నవాడిదే. దాడికి ఎవరెళ్లాలో వెళ్లేవాడు తేల్చుకుంటాడు, కానీ ఎవరిని ఎవరు అడ్డుకోవాలో నిర్ణయించేది అవతలివాడు. ఇద్దరి జీవులూ కొట్టుకుని చావడం వల్లే దారి తెరుచుకుంటుంది, ఆట కదులుతుంది. ఆ చావుకు విలువ తీసేస్తే ఎవరూ కదలరు. అదీగాక బల్ల మీద అరడజను జీవుల గుర్తులు టర్నుటర్నుకూ లెక్కపెట్టడం నరకం. మామూలు కార్డులు ఒక్క చూపులో అర్థం కావాలి, చిక్కుముళ్లు అరుదైన వాటికి వదిలేయాలి అని 2011లో రోజ్‌వాటర్ రాశాడు. 'న్యూ వరల్డ్ ఆర్డర్' అని దానికి పెద్ద పేరు కూడా పెట్టాడు. చదివినప్పుడు అతి అనిపించింది, శనగలు లెక్కపెట్టినప్పుడు తెలిసొచ్చింది.

దాని బదులు వచ్చింది 'వారసుడు'. నియమం ఒక్క వాక్యం: దాడి చేసిన టర్నులో ఈ జీవి చనిపోతే, మీ ఇంకో జీవి మీద +1/+1 గుర్తు ఒకటి పెట్టండి. వీరుడు లేవడు, చచ్చినవాడు చచ్చినట్టే. అతని కత్తి తమ్ముడి చేతికి వస్తుంది. యుద్ధం సాగుతుంది, మనుషులే మారతారు. కథకు ఇదే బాగా అతికింది, ఆటకు ఇంకా బాగా. గుర్తులు పోగయ్యేకొద్దీ జీవులు పెద్దవవుతాయి, పెద్దవాటి ముందు అడ్డుగోడ నిలవదు. 'దాడి చేసిన టర్నులో' అన్న ముక్క లేకపోతే కాచుకున్నవాడికీ అదే లాభం వచ్చి మళ్లీ మొదటికే వచ్చేది.

ఈ నియమం ఎలా పనిచేస్తుందో రెండు కామన్ కార్డుల్లో చూపిస్తాను. ఎరుపులో 'పదహారేళ్ల బంటు', రెండు మానా, 2/1, వారసుడు. తెలుపులో 'కోటగుమ్మం ముసలాయన', రెండు మానా, మొదట 1/4. బంటు దాడికి వెళ్తాడు, ముసలాయన అడ్డొస్తాడు, ఒక్క దెబ్బకు బంటు పోతాడు. గుర్తు రెండో బంటుకొచ్చి అతను 3/2 అవుతాడు. తర్వాతి టర్నులో అతను వెళ్లి మూడు కొట్టినా నాలుగున్న ముసలాయన చావడు. ఎరుపు కట్ట పట్టినవాడు అక్కడితో చేతులు ముడుచుకునేవాడు. ముసలాయన్ని 1/3 చేశాను, అంతే. ఇప్పుడు అన్న చస్తే తమ్ముడు గుమ్మం బద్దలుకొడతాడు. ఒక్క అంకె తగ్గించినందుకు సెట్ మొత్తం నడక మారింది. ఆ తర్వాత ఎరుపు మరీ రెచ్చిపోకుండా బంటుకు మొదట ఇచ్చిన 'దిగిన టర్నులోనే దాడి' వరాన్ని తీసేయాల్సి వచ్చింది. కార్డుల డిజైన్ అంటే రాక్షసులూ మంత్రాలూ ఊహించడం అనుకుంటారు చాలామంది. మూడొంతులు ఇదే పని, నాలుగుని మూడు చేయడం.

వారసుడొక్కడే చాలలేదు. ఇద్దరూ నీలం ఆకుపచ్చ పట్టుకుంటే ఇంకా బద్ధకంగానే సాగేది. 2016లో వచ్చిన ఒక సెట్లో 'మోనార్క్' అని ఒక నియమం ఉంది: కిరీటం ఉన్నవాడికి తన ప్రతి టర్ను చివర ఒక కార్డు ఎక్కువ వస్తుంది, వాడి మీద దాడి చేసి దెబ్బ తగిలించినవాడి చేతికి కిరీటం వెళ్తుంది. అందరూ దాడికి దిగేలా చేసే ఉపాయం. దాన్నే కొంచెం మార్చి జెండా పెట్టాను. జెండా ఉన్నవాడి టర్ను చివర అవతలివాడికి ఒక ప్రాణం తరుగుతుంది. ఆడి చూస్తే, జెండా మొదట పట్టినవాడు చుట్టూ గోడ కట్టుకుని హాయిగా కూర్చుంటున్నాడు. దీనికి తాళంచెవి నాకు మా ఊరి ఉత్సవంలోనే దొరికింది. కొణతం ఊరికే గాల్లో నిలబడదు, ఎవరో ఒకరు మోయాలి. కాబట్టి టర్ను చివర ట్యాప్ కాని ఒక జీవిని జెండా మోయడానికి ట్యాప్ చేయాలి, లేకపోతే జెండా కిందపడుతుంది. మోసేవాడు దాడికీ వెళ్లలేడు, అవతలి టర్నులో అడ్డుకోవడానికీ ఉండడు. గోడలో ఒక రాయి ఊడింది. అప్పటి నుంచి ఆటలు అరగంట, మహా అయితే నలభై నిమిషాల్లో తేలిపోతున్నాయి.

నలుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చంపడం, ప్రాణాలిచ్చి కార్డులు కొనడం దాని పాత అలవాట్లే. వడ్డీ వ్యాపారులకు అవి చక్కగా కుదిరాయి.

బొమ్మలు మా పిన్ని కూతురు వేసింది, ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్ల. రంగుల జోలికి పోకుండా నల్ల సిరా గీతలే. వీరగల్లుల (పోరులో పడ్డ వీరుల గుర్తుగా నిలిపే చెక్కుడు రాళ్ల) మీద సాధారణంగా మూడు అరలుంటాయి: కింద పోరాటం, మధ్యలో వీరుణ్ని అప్సరసలు పైకి తీసుకెళ్లడం, పైన శివలింగం ముందు వీరుడు. రేర్ జీవులకు బొమ్మ చోట ఆ మూడు అరల పద్ధతే వాడింది. "అన్నయ్యా, అరచేతిలో పట్టే కార్డు మీద మూడు అరలంటే మనుషులు చీమల్లా ఉంటారు" అని ముందు మొత్తుకుంది, తర్వాత తనే మధ్య అరను పెద్దది చేసి కింద అరలో ఉత్త కత్తులూ గిట్టలూ మాత్రం చూపించింది. మానా గుర్తులు, కార్డు అంచులు కంపెనీవి వాడకుండా మావే గీసుకున్నాం. అమ్మే ఉద్దేశం ఎలాగూ లేదు, ఇంట్లో ఆడుకోవడానికే.

కార్డు కొలత 63 మిల్లీమీటర్లు × 88 మిల్లీమీటర్లు. అందులో నియమాలకు దక్కేది కింది మూడో వంతు. ఇంగ్లిషు కార్డుల్లో పట్టినన్ని పంక్తులు తెలుగులో పట్టవు. కింద ఒత్తులు, పైన గుడులు, పంక్తుల మధ్య జాగా తగ్గిస్తే 'క్ష' కింది ముక్క తర్వాతి పంక్తి తలకట్టులో గుచ్చుకుంటుంది. పేర్లకు రామభద్ర ఫాంటు, లోపల వచనానికి మండలి పెట్టి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కార్డూ సర్దాను. నాలుగు పంక్తులు దాటిన ప్రతి నియమాన్నీ తిరగరాయాల్సి వచ్చింది, దాంతో కొన్ని కార్డులు మెరుగయ్యాయి కూడా. జాగా మిగిలిన చోట కథ కోసం ఒక వాక్యం. 'ఎదురుపడ్డ రాయబారులు' కార్డు మీద ఇలా ఉంటుంది: "సంతకాల సిరా ఆరకముందే గుర్రాలకు జీన్లు బిగించారు."

ఏ4 కాగితానికి తొమ్మిది కార్డులు వస్తాయి, 180 కార్డులకు 20 షీట్లు. 300 జీఎస్ఎమ్ మందపాటి ఆర్ట్ కార్డు మీద రెండు వైపులా ప్రింటు అని ఆబిడ్స్ దగ్గర ఒక షాపులో ఇచ్చాను. ముందు వైపు బ్రహ్మాండంగా వచ్చింది. వెనక డిజైన్ మాత్రం షీటు షీటుకూ ఒకట్రెండు మిల్లీమీటర్లు జరిగింది. పెళ్లిపత్రికకైతే ఎవరూ పట్టించుకోరు. కార్డుల్లో అలా జరిగితే వెనక అంచు చూసి 'అది జెండా కార్డు' అని పసిగట్టేయొచ్చు. "రెండు వైపులా మిషన్ అంతే సార్" అన్నాడు షాపతను. అతనితో వాదించే బదులు వెనక నల్లగా ఉండే తొడుగులు కొన్నాను. మీరు ఎప్పుడైనా చేస్తే వెనక వైపు ప్రింటు డబ్బులు మిగుల్చుకుని మొదటే తొడుగులు కొనండి.

ఇప్పుడు మా నలుగురిలో తగవంతా ఒక్క రేర్ కార్డు దగ్గరే. ఇంత యుద్ధంలో దాన్ని ఆపే కార్డు ఒక్కటైనా ఉండాలి కదా అని నీలం తెలుపుల్లో 'సంధిపత్రం' పెట్టాను. కారంపూడిలో రెండో రోజు రాయబారం గుర్తుందిగా. కథలో అలరాజు సంధి మాట్లాడటానికి వెళ్లి విషప్రయోగంతో చనిపోతాడు, సంధి కోసం వెళ్లిన మనిషి చావే యుద్ధానికి నిప్పు రాజేస్తుంది. ఆ వాసన నా కార్డులోనూ ఉండాలనుకున్నాను. నియమం ఇది: మీ టర్ను మొదలయ్యేసరికి, మీ గత టర్ను నుంచి ఇద్దరిలో ఎవరూ దాడి చేయకపోయి ఉంటే మీరు గెలుస్తారు. శాంతిగా ఉంటే అవతలివాడు ఓడిపోతాడు, కాబట్టి వాడు కుదిరినా కుదరకపోయినా ప్రతి టర్నూ దాడికి రావాల్సిందే. సంధిపత్రం దించిన టర్ను నుంచీ ఆట అంతకు ముందెన్నడూ లేనంత నెత్తుటిమయంగా సాగుతుంది. సెట్లో నాకు అన్నిటికంటే నచ్చిన కార్డు ఇదే.

నాలుగు మానాకు పెడితే మరీ దారుణంగా తేలింది. కొత్తగా దిగిన జీవి ఆ టర్నులో దాడి చేయకూడదు. అవతలివాడి బల్ల ఖాళీగా ఉన్నప్పుడు సంధిపత్రం పడితే, వాడు ఎవరిని దించినా లాభం లేదు, తర్వాతి టర్నులో ఆట అయిపోతుంది. అందుకని వరుసగా రెండు రౌండ్లు దాడి లేకుండా గడవాలని మార్చి, ఖర్చు ఐదు మానా చేశాను. బావ ఆ కార్డుకు వరుసగా ఓడిపోయి, ఆరుకు తక్కువైతే తను ఆడనని భీష్మించాడు. ఆరుకు పెడితే ఎవరూ తమ కట్టలో పెట్టుకోరని నేను. మిగతా ఇద్దరిలో ఒకడు నావైపు, ఒకడు వాడివైపు. ప్రస్తుతం తొడుగులో ఉన్న కార్డు మీద ఐదు కొట్టేసి ఎర్ర పెన్నుతో ఆరు రాసి ఉంది. రాసింది నేను కాదు.